సంచి కట్టని పూత

కండక్టరు పోయిన మూడో వారం దాకా ఆయన భార్యకు మేడ మీద మొక్కలున్నాయన్న సంగతే గుర్తు రాలేదు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, సంతకాలు పెట్టమని కాగితాలు పట్టుకొచ్చే డిపో గుమాస్తా, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన కూతురు. ఇంటినిండా మనుషులే. అందరూ ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయాక, ఒక మధ్యాహ్నం ముందు గదిలో కుట్టు మిషను మీది గుడ్డ తీసి, స్కూలు యూనిఫారం చొక్కాకు కాలరు అతుకుతుంటే నెత్తిమీద ఎవరో నడుస్తున్న చప్పుడైంది. చక్రం మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. మేడ మీద అలా కుండీ కుండీకీ ఆగుతూ నడిచేది ఆయనొక్కడే.

మెట్లెక్కి చూస్తే ఆడపడుచు. పక్కింట్లోనే ఉంటుంది. రెండిళ్ల మేడలకూ మధ్య మోకాలెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డు. ఆ గోడ దాటి ఇటు వచ్చి, మగ్గుతో అన్నయ్య కుండీలకు నీళ్లు పోస్తోంది.

"వాడిపోతున్నాయి వదినా. రోజూ నేనే పోస్తున్నా," అంది, తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా.

"ఇకనుంచి నేను పోస్తాలే," అని ఆమె మగ్గు అందుకుంది.

మొత్తం పన్నెండు మొక్కలు. కుండీలని పేరేగానీ అన్నీ పాత రంగు డబ్బాలు, చెవులూడిన బకెట్లు. మొక్కలు జానెడెత్తు ఎదిగి ఉన్నాయి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో ఆమె వాటి దగ్గర కాసేపు తీరిగ్గా నిలబడింది అదే మొదటిసారి.

ఆ మిరప పుట్టుపూర్వోత్తరాలు డిపోలో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ల కిందట ఒక ముసలమ్మ బస్సు దిగుతూ సీటు కింద గుడ్డసంచి మరిచిపోయింది. అందులో ఒక జత చెప్పులు, ఒక దువ్వెన, గుప్పెడు ఎర్రటి మిరపకాయలు ఉన్నాయి. కండక్టరు ఆ సంచిని డిపో బీరువాలో భద్రంగా పెట్టించి, మూడు నెలల పాటు ఆ రూట్లో ఎక్కిన ప్రతి ముసలమ్మనూ "సంచి మీదేనా?" అని అడిగాడు. ఎవరూ మాదనలేదు. ఈలోగా కాయలు ఎండి గలగలలాడాయి. పారేయడానికి మనసొప్పక ఇంటికి తెచ్చి, గింజలు తీసి ఒక డబ్బాలో చల్లాడు.

కాసిన కాయలు చూపుకు ఏమంత గొప్పగా లేవు. బొటనవేలంత పొట్టివి, ఒంటినిండా ముడతలు, మొన దగ్గర లోపలికి నొక్కుకుపోయినట్టు ఉండేవి. కొరికినవాడికి ముందు ఏమీ తెలిసేది కాదు. ఇదేనా దీని ప్రతాపం అని నవ్వబోయేసరికి మంట నాలుక కిందినుంచి లేచి చెవుల దాకా పాకేది. డిపోలో మొదట తిన్న డ్రైవరు నోరు పట్టుకుని కుళాయి వైపు పరుగు తీస్తుంటే వెనకనుంచి ఎవరో "రైట్ రైట్!" అని కేకేశారు. ఆ రోజునుంచి దాని పేరు రైట్ రైట్ మిరప. అసలు పేరు ఏమిటో ఆ సంచి మరిచిపోయిన ముసలమ్మకే తెలియాలి.

తమాషా ఏమిటంటే, దాన్ని అంత ముద్దుగా పెంచినవాడు దాన్ని తినలేడు. కడుపులో పుండు. కారం ముట్టుకోవద్దని డాక్టరు ఏనాడో తెగేసి చెప్పాడు. ఇంట్లో తినగలిగింది ఆమె ఒక్కతే. ముద్దకో కొరుకు కొరుక్కుంటూ, ముక్కూ కళ్లూ ఏకమవుతున్నా చెయ్యి ఆపకుండా తినేది. ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, పరీక్షలో కూతురికి మొదటి ర్యాంకు వచ్చినట్టు చూసి మురిసిపోయేవాడు.

"నువ్వు తింటే సగం నేను తిన్నట్టే," అనేవాడు.

"మంట కూడా సగం పంచుకోండి మరి," అనేది ఆమె.

తినడం వరకే ఆమె వంతు. పెంపకం సంగతి చెవిన వేసుకునేది కాదు. ఆయన డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, నేరుగా మేడెక్కేవాడు. పైనుంచి కేకేసేవాడు, "ఏమోయ్, ఒక్కసారి రా, పూత చూద్దువుగాని!" అని. "మిషన్ మీద పనుంది, రేపు చూస్తాలెండి," అనేది. అందులో అబద్ధమేమీ లేదు. మిరప పూతకు వచ్చే రోజులూ స్కూళ్లు తెరిచే రోజులూ ఎప్పుడూ ఒక్కసారే వచ్చిపడేవి. ఒళ్లో యాభై చొక్కాలు పెట్టుకుని పువ్వులు చూడ్డానికి మెట్లెక్కే తీరిక ఎవరికుంటుంది?

ఆ రోజుల్లోనే ఆయన ఇంకో చిన్న పని పురమాయించేవాడు. దోమతెర గుడ్డ ముక్కలు తెచ్చి, అరచేయంత సంచులు, మూతికి నాడాలు పెట్టి కుట్టిమ్మనేవాడు. దేనికని ఆమె మొదటి ఏడు అడిగిందో లేదో కూడా గుర్తు లేదు. కాయలు పిట్టలు కొట్టకుండా కాబోలు అనుకుంది. పది నిమిషాల పని. ఒక చొక్కాకూ ఇంకో చొక్కాకూ మధ్య టకటకా కుట్టి ఆయన చేతిలో పెట్టేది.

ఆయన పోయింది సరిగ్గా ఆ ఏడు నారు తీసి డబ్బాల్లో నాటిన తరవాత. ఉదయం రెండు ట్రిప్పులు తిరిగి, విశ్రాంతి గదిలో బెంచీ మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. తరవాతి ట్రిప్పుకు టైమైందని డ్రైవరు వచ్చి భుజం తట్టేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆ ఏడాది మొక్కలు విరగకాశాయి. మొదట పండిన కాయ కోసి ఆమె అన్నంలోకి పెట్టుకుంది. అదే కారం. ముందు ఏమీ లేకపోవడం, ఆ తరవాత నాలుక కిందినుంచి లేవడం. ఎదురుగా పీట మీద ఎవరూ లేరు. కళ్లు కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ, కంచం ఖాళీ అయ్యేదాకా తింది. అది కారానికో దేనికో ఆమె తేల్చుకోవాలని చూడలేదు.

ఇక ఆ మొక్కలను పట్టుకుంది. పొద్దున్నే నీళ్లు, సాయంత్రం మళ్లీ నీళ్లు, ఆకుల కింద పురుగు ఉందేమోనని ఒక్కో ఆకూ తిప్పి చూడడం. ఆయన వస్తువులు ఒక్కొక్కటే ఇంట్లోంచి వెళ్లిపోతున్నాయి. టికెట్ల మిషను డిపోవాళ్లు పట్టుకెళ్లారు, చెప్పులు ఎవరికో ఇచ్చేశారు, చొక్కాల్లో ఆయన వాసన పల్చబడింది. మొక్కలు మాత్రం రోజురోజుకూ పెరిగాయి. ఆయన చేత్తో పెట్టినవాటిలో పెరుగుతున్నవి అవే.

బీరువా సర్దుతుంటే ఒక డబ్బాలో ఆ దోమతెర సంచులు దొరికాయి. పదో పన్నెండో ఉన్నాయి. ఇక వీటితో పనేముంటుందిలే అనుకుని ఒకదాంట్లో హుక్కులు, ఒకదాంట్లో చొక్కా గుండీలు పోసి మిషను సొరుగులో పెట్టుకుంది.

పంట చివర్లో, విత్తనానికని రెండు కాయలు ఏరింది. పిట్టగోడ పక్కనున్న బకెట్లోని మొక్కకు అన్నిటికన్నా నిగనిగలాడుతూ కాసినవి. వాటి గింజలు తీసి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి దాచింది. మిగిలిన కాయలన్నీ ఎండబెట్టి మరలో పొడి కొట్టించి డిపోకు పంపింది. ఆకులు రాలి మొక్కలు మోడులైపోతే, చచ్చిపోయాయనుకుని వేళ్లతో సహా పీకి పారేసి, పాత మట్టి పారబోసి, డబ్బాలు శుభ్రంగా కడిగిపెట్టింది. ఆయన ఉంటే మెచ్చుకునేవాడనుకుంది కూడా.

మరుసటి ఏడు గింజలు చల్లితే తొమ్మిది మొలిచాయి. ఎనిమిది నిలిచాయి. ఆ మొక్కల ఆకులు కొంచెం వెడల్పుగా ఉన్నట్టనిపించాయి. మట్టి మార్చాను కదా, బలంగా పెరుగుతున్నాయనుకుంది. పిందెలు పడ్డాయి. పిందెలు కాయలయ్యాయి. పొట్టిగా ఉండాల్సినవి సాగాయి, ముడతలు పడాల్సిన చోట నున్నగా, భుజాలు ఎత్తుకున్నట్టు లావుగా తయారయ్యాయి. ఆమె రోజూ వెళ్లి చూసేది. పండితే సర్దుకుంటుందిలే అని రోజూ తనకు తాను చెప్పుకునేది.

మొదటి కాయ పండింది. కోసి, మెట్ల మీదే కూర్చుని కొరికింది. వెంటనే కారం తెలిసింది. నాలుక కొసన చురుక్కుమంది, కాసేపు మండింది, చల్లారిపోయింది. చివర్లో కొంచెం తియ్యగా కూడా ఉంది. రెండో మొక్క కాయ కొరికింది, మూడో మొక్కది కొరికింది. ఎనిమిది మొక్కలూ అంతే.

పిట్టగోడకు అవతల ఆడపడుచు బట్టలు ఆరేస్తోంది. ఆమె పక్కనే వరసగా నాలుగు కుండీల్లో క్యాప్సికం మొక్కలు, బుట్టల్లాంటి కాయలతో వంగిపోయి ఉన్నాయి. ఆ ఇంట్లో పిల్లలు, వాళ్ల నాన్న, అందరూ కారం అంటే ఆమడ దూరం పరిగెత్తే రకం. ఆ క్యాప్సికం కాయల భుజాలు చూసింది ఆమె. చేతిలోని కాయ భుజాలు చూసింది.

"ఇవి ఎప్పటినుంచి పెడుతున్నావు?" అంది.

"ఇవా? ఆరేడేళ్లనుంచీ ఉన్నాయిగా వదినా."

"మరి మీ అన్నయ్య కాయలు ఏనాడూ పాడవలేదే? నా చేతికి రాగానే ఇలా ఎందుకయ్యాయి?"

ఆడపడుచు దగ్గరికి వచ్చి కాయ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆమె ముఖం మెల్లగా మారిపోయింది.

"పోయినేడు సంచులు కట్టలేదా వదినా?"

"ఏ సంచులు?"

"అదే, పూతకు. అన్నయ్య పూత రాగానే నాలుగు కొమ్మలకు సంచులు కట్టేవాడు కదా. ఈగలు, తేనెటీగలు ఆ పూల మీదా ఈ పూల మీదా వాలి పుప్పొడి కలిపేస్తాయని, విత్తనాల కాయలు విడిగా ఉండాలని. నన్నూ కుండీలు అటు మూలకు జరుపుకోమనేవాడు. ఏడాదికోసారి వచ్చి 'చెల్లీ, నీ లావుపాటి పిల్లల్ని కాస్త అవతలికి పంపించు' అనేవాడు. పోయినేడు ఎవరూ చెప్పలేదు, నేనూ జరపలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనుకున్నా వదినా. ఆ సంచులు నువ్వే కదా కుట్టేదానివి!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నోటికి ఏదొస్తే అది అనేసింది. నీ ఇంట్లో కారం తినలేని సుకుమారుల కోసం మా ఆయన ఇరవై ఏళ్ల కష్టం మట్టిపాలు చేశావంది. పక్కన ఉండి కూడా నోరు మెదపని మనిషి అయినవాళ్లెలా అవుతారంది. ఆడపడుచు తడిబట్టల బకెట్ అక్కడే వదిలేసి, కళ్లు తుడుచుకుంటూ దిగిపోయింది.

కిందికి వచ్చి ఆమె మిషను సొరుగు లాగింది. హుక్కుల సంచి, గుండీల సంచి. ఎంత నీటుగా ఉన్నాయి కుట్లు! రెండు వరసల కుట్టు, ఎక్కడా దారం లేవలేదు. వాటిని ఒళ్లో పెట్టుకుని, ఆ పూట ఒక్క చొక్కా కూడా ముట్టుకోకుండా కూర్చుంది.

మర్నాడు గోడ దాటి ఆమే వెళ్లింది. "తప్పు నాది. నోరు జారాను," అంది. ఆడపడుచు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నాకూ గుర్తుంది వదినా, జరపాలని. అన్నయ్య లేకుండా ఆ కుండీలు జరపబుద్ధి కాలేదు. ఆయన వచ్చి చెప్పాలి, నేను జరపాలి, అది మా ఇద్దరికీ అలవాటు. అందుకే అలా వదిలేశాను," అంది. ఇంక ఇద్దరిలో ఎవరు ఎవరిని ఓదార్చారో చెప్పలేం.

వేరే ఊళ్లో ఆసుపత్రి ల్యాబులో పనిచేసే కూతురు, ఫోనులో ఈ సంగతంతా విని మొదట తేలిగ్గా తీసుకుంది. "అమ్మా, అంతకు పదింతలు కారమున్న విత్తనాలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. ఈసారి వచ్చేటప్పుడు తెస్తాలే," అంది. అన్నట్టుగానే తెచ్చింది. మెరిసే ప్యాకెట్ మీద మంటల బొమ్మ. తల్లి దాన్ని అటక మీద పెట్టేసింది.

"నాన్నంటే ఆ మిరపకాయేనా అమ్మా?" అంది కూతురు, కాస్త విసుగ్గానే.

"కాదే. మీ నాన్నను బతికించడం నా చేతిలో లేదు. ఆయన పోయేదాకా నాకు కబురే రాలేదు. దీన్ని బతికించడం నా చేతిలో ఉండింది. పది నిమిషాల పని. సంచులు సొరుగులోనే ఉన్నాయి."

కూతురు వెళ్లేరోజున, "డిపోలో అందరికీ కాయలిచ్చేవాడు కదా నాన్న. ఎవరి దగ్గరైనా గింజలుంటాయేమో అడుగు," అని చెప్పి వెళ్లింది.

ఆ మాట పట్టుకుని ఆమె డిపోకు వెళ్లింది. ఆయన పోయాక అక్కడ అడుగుపెట్టడం అదే మొదటిసారి. నూనె మరకల నేల, వరసగా ఆగిన బస్సులు, గోడకు డ్యూటీల పలక. ఆయన పేరుండే గడిలో ఇంకెవరిదో పేరు రాసి ఉంది. భోజనాల వేళ కావడంతో డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు అందరూ చుట్టూ చేరారు. రైట్ రైట్ మిరప అనగానే ముఖాలు విప్పారాయి. తలా ఒక కథ చెప్పారు. తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన పొరపాటున తిని, రిపోర్టు రాయకుండానే వెళ్లిపోయాడట. పందెం కట్టి రెండు తిన్న మెకానిక్కు మర్నాడు సెలవు పెట్టాడట. వాళ్లు నవ్వుతుంటే ఆమె కూడా నవ్వింది. తీరా, గింజలు ఎవరైనా దాచారా అని అడిగేసరికి అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ప్రతి ఏడూ ఆయనే తెచ్చిచ్చేవాడు కదమ్మా. దాచుకోవాలని ఎవరికి తడుతుంది?" అన్నాడు ఒక కండక్టరు, తల దించుకుని.

బయటికి వస్తుంటే క్యాంటీనామె వెంటపడి వచ్చింది. "పెద్ద డ్రైవరు దగ్గరుండొచ్చమ్మా. ఆయన రిటైరైన రోజు మీ ఆయన ఏదో పొట్లం కట్టి జేబులో పెట్టడం చూశాను," అంది.

పెద్ద డ్రైవరు అంటే కండక్టరుతో పదిహేనేళ్లు ఒకే బస్సు నడిపినవాడు. టైర్ల దుకాణం పైన ఒక్క గదిలో ఒంటరిగా ఉంటాడు. ఆయనకు మోకాళ్లు సహకరించకపోవడంతో, ఆ మెట్లు ఆమె ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో, ఆయన లేచి తలుపు తీయడానికీ అంతసేపు పట్టింది. సంగతి వినగానే మంచం కింది ట్రంకుపెట్టె లాగి, పాత ఖాకీ చొక్కా జేబులోంచి పొట్లం తీశాడు. టికెట్ల రోలు కాగితంతో కట్టిన పొట్లం. దాని మీద కండక్టరు గుండ్రటి రాత.

"పూత రాగానే నాలుగు కొమ్మలకు సంచి కట్టు. పక్కన క్యాప్సికం ఉంటే దూరం జరిపించు. సంచులు లోపల రెండు పెట్టాను. మా ఆవిడ కుట్టింది, నీ బస్సు కన్నా గట్టివి."

ఆమె ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకుంది. పరాయివాళ్లకు కాగితం మీద రాసిచ్చిన మాట తనకు ఎందుకు చెప్పలేదా అనుకుంది. అంతలోనే తెలిసింది. చెప్పడానికే రోజూ పైనుంచి కేకేశాడు.

"ఆరేళ్లయింది చెల్లెమ్మా," అన్నాడు పెద్ద డ్రైవరు. "ప్రతి ఏడూ వేద్దామనుకున్నా. కిటికీలో డబ్బా పెట్టుకుంటే సరిపోయేది. వాడు తెచ్చిస్తున్నాడు కదా అని బద్ధకించాను. మొలుస్తాయంటావా?"

"చూద్దాం అన్నయ్యగారూ."

గింజలు ముప్పై ఒకటి. ఆమె ఒక రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, జల్లించిన మట్టిలో ఒక్కొక్కటే వేలితో గుచ్చి పెట్టింది. ట్రేని మిషను పక్కనే, కిటికీ వెలుగులో పెట్టుకుంది. పది రోజులయ్యాయి. రెండు వారాలయ్యాయి. ఆడపడుచు రోజూ వచ్చి వంగి చూసి వెళ్లేది. కూతురు ఫోను చేసినప్పుడల్లా మొదట అడిగేది దాని గురించే. ఇరవై రెండో రోజున, ఇక తీసేద్దామనుకుంటుండగా, మట్టి ఒకచోట చిట్లి, మెడ వంచుకుని ఒక మొలక పైకొచ్చింది. సాయంత్రానికి రెండు ఆకులు విప్పింది. ఆమె మిషను ఆపేసి, గోడ మీదుగా కేకేసి, ఆడపడుచును పిలిచింది. ఇద్దరూ నేల మీద కూర్చుని పురిటి బిడ్డను చూసినట్టు చూశారు.

"ఒక్కటి చాలు వదినా. ఒక్కటి నిలిస్తే మళ్లీ మేడ నిండుతుంది," అంది ఆడపడుచు. ఆ సాయంత్రమే వెళ్లి, పూతలో ఉన్న తన క్యాప్సికం మొక్కలన్నీ పీకేసి వచ్చింది. వద్దు, ఇప్పట్నుంచే ఎందుకని ఆమె వారించినా వినలేదు.

ఆ మొలకను ఆమె కంటికి రెప్పలా చూసుకుంది. ఎండ తగిలితే జరిపేది, గాలి వీస్తే కిటికీ మూసేది. మట్టి పైన పొడిబారినట్టు కనిపిస్తే చాలు, చెంచాతో నీళ్లు పోసేది. రోజులో ఎన్నిసార్లు పోసిందో లెక్కలేదు. తొమ్మిదో రోజు పొద్దున లేచి చూస్తే మొలక పక్కకు ఒరిగి ఉంది. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మొదలు మాత్రం మట్టి దగ్గర దారంలా సన్నబడి, నీరు పట్టి నల్లబడింది. అగ్గిపుల్ల ఆనించి నిలబెట్టబోయింది. వేలికి అలాగే ఊడి వచ్చేసింది.

ఆడపడుచు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి చెప్పింది. "నారుకుళ్లు వదినా. తడి ఎక్కువైతే వస్తుంది."

"నేనే చంపాను," అంది ఆమె.

"అలా అనకు."

"ఉన్నమాటే. మొదటిసారి పట్టించుకోక పోగొట్టాను. ఈసారి పట్టించుకుని పోగొట్టాను."

మిగిలిన ముప్పై గింజల్లో ఒక్కటీ మొలవలేదు. ఇంకో నెల చూసి, మట్టి పిడికెడు పిడికెడుగా నలిపి వెతికితే, పుచ్చిపోయిన పొట్టు తప్ప ఏమీ దొరకలేదు. ముసలమ్మ సంచి మరిచిన ఆ రూటుకు కూడా ఒకరోజు బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి వచ్చింది. ఊరు అటువైపు పెరిగిపోయి, స్టాపు చుట్టూ సిమెంటు గోదాములు లేచి ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురిని అడిగింది. బొటనవేలంత పొట్టి మిరపకాయ గురించి అక్కడ విన్నవాళ్లెవరూ లేరు.

మేడ మీది ఎనిమిది మొక్కలూ ఇవేమీ పట్టనట్టు కాస్తూనే ఉన్నాయి. కాయలు ఏం చేయాలో తోచక ఒకరోజు గిన్నెడు ఆడపడుచుకు ఇచ్చింది. ఆ ఇంట్లో పిల్లలు మొదటిసారి భయపడకుండా మిరపకాయ తిన్నారు. "ఈ కారం మాకు సరిగ్గా సరిపోయింది అత్తా, ఇంకొన్ని ఉన్నాయా?" అని వచ్చారు. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. వాళ్లేం చేశారు పాపం అనుకుని, ఇంకో గిన్నెడు కోసి ఇచ్చింది.

పెద్ద డ్రైవరుకు చెప్పడానికి మాత్రం ఆమెకు మనసు రాలేదు. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అని నెట్టుకొస్తుంటే ఒక సాయంత్రం ఆయనే ఆటో దిగి, కర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ముఖం చూసి అడగాల్సిన ప్రశ్న అడగలేదు. కుర్చీలో కూర్చుని, మిషను మీద సగం కుట్టిన చొక్కా వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఒకటి మొలిచింది అన్నయ్యగారూ. తొమ్మిది రోజులుంది," అంది ఆమె.

"నేను రిటైరైన ఏడే వేసుంటే..." అంటూ ఆయన కర్ర అందుకున్నాడు. "మేడ మీదికి తీసుకెళ్తావా చెల్లెమ్మా? వాడు ఎన్నిసార్లు రమ్మన్నా రాలేకపోయాను. ట్రిప్పులు, మోకాళ్లు, ఏదో ఒకటి," అన్నాడు.

పద్దెనిమిది మెట్లు. మెట్టుకో నిమిషం చొప్పున ఎక్కారు. పైన ఎండ వాలింది గానీ వెలుతురు ఉంది. ఆయన ఒక్కో డబ్బా దగ్గరా ఆగి చూశాడు. అన్నిటికన్నా ఎర్రగా ఉన్న కాయ ఒకటి కోశాడు. "వాడివి కావు కదూ ఇవి," అన్నాడు.

"సగం ఆయనవే," అంది ఆమె.

పెద్ద డ్రైవరు కాయను నోట్లో పెట్టుకున్నాడు. తొడిమ వరకూ, గింజలతో సహా నమిలాడు. మింగి, పిట్టగోడ మీద చెయ్యి ఆనించి, డిపోలో ఎప్పుడూ అందరూ చేసినట్టే, అది ఎక్కడానికి ఎదురుచూస్తూ నిలబడ్డాడు. ఆమె కూడా చూస్తూ నిలబడింది. కింద వీధిలో ఒక బస్సు ఆగి, మనుషుల్ని దింపి, మళ్లీ కదిలి వెళ్లిపోయింది.

"రావట్లేదమ్మా," అన్నాడు చివరికి.

"రాదు అన్నయ్యగారూ," అంది ఆమె.

ఆయన తల ఊపాడు. కారం లేకపోయినా ఆయన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఆమె ఆయన చేతికి కర్ర అందించి, రెండో చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఎక్కడం కన్నా దిగడం కష్టం ఆ మోకాళ్లకు. ప్రతి మెట్టుకూ ఆగి, "ఇంకొకటి," "ఇంకొకటి," అని చెబుతూ, చీకటి పడేలోగా ఆమె ఆయన్ని కిందికి దింపింది.